ఆగిపోయిన జనగణన



1881వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున, రిప్పన్ ప్రభువు గవర్నరు జనరలుగా నున్న కాలమున, ఈ దేశపు నలుమూలల ఏకకాలమున జనసంఖ్యను గణించిరి. అంతకు ముందు 1872లో జరిగినది ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్కనాడు సాగిన అసమగ్ర ప్రయత్నము. 1881 మొదలుకొని 2011 వరకు, నూటముప్పది సంవత్సరములపాటు, పదేండ్లకొక మారు ఈ గణన తప్పలేదు. 1918 నాటి విషజ్వరము కోటిమందికి పైగా ప్రజలను పొట్టనబెట్టుకొనగా, ఆ దశాబ్దమున దేశ జనాభాయే తగ్గిపోయినదను కఠోరసత్యమును 1921 నాటి గణనయే లోకమునకు తెలిపినది. శాసనోల్లంఘన సంక్షోభము నడుమ, కాంగ్రెసువారి బహిష్కారపు పిలుపు నడుమ, 1931 గణన జరిగినది. ప్రపంచయుద్ధము మూలమున పట్టికల తయారీని బహుళముగా కుదించుకొనవలసివచ్చినను 1941లో సైతము జనులను లెక్కించుట మాత్రము మానలేదు. దేశవిభజన గాయములు మానకమునుపే, లక్షలాది కాందిశీకులు ఇంకను శిబిరములలో తలదాచుకొనుచుండగనే, 1951లో స్వతంత్ర భారతము తన తొలి జనగణనను నిర్వహించుకొన్నది. అల్లకల్లోల పరిస్థితులవలన 1981లో అస్సామును, 1991లో జమ్మూ కాశ్మీరును విడిచిపెట్టవలసివచ్చినదే కాని, దేశము మొత్తముమీద గణన ఆగిన సందర్భము లేదు.

అట్టి పరంపర 2021లో తెగినది. 2019 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గము ఈ కార్యమునకై 8,754 కోట్ల రూపాయలు మంజూరు చేసినది; 2020 ఏప్రిలు 1 నుండి ఇండ్ల జాబితా ప్రారంభము కావలసియుండగా, మార్చి నెలాఖరున కోవిడు కారణముగా వాయిదా వేసిరి. ఆనాటి వాయిదాను తప్పుపట్టువాడెవ్వడును లేడు. జనులు గడప దాటరాదని శాసించిన ప్రభుత్వము గణకులను గడప గడపకు పంపజాలదు గదా! అయితే, ఆ ఆపద గడచిన పిమ్మట జరిగినదేమి? 2020 నవంబరులో చైనా లెక్కించుకొన్నది. 2021 మార్చిలో ఇంగ్లండు, వేల్సు దేశములు లెక్కించుకొన్నవి. మన పొరుగున నున్న నేపాళము 2021 నవంబరులోను, బంగ్లాదేశము 2022 జూనులోను ఆ పని ముగించుకొన్నవి. ఇచ్చట ఆ కాలముననే శాసనసభల ఎన్నికలు జరిగినవి, 2023 మే నెలలో నూతన పార్లమెంటు భవనము ప్రారంభమైనది, అదే సంవత్సరము సెప్టెంబరులో జి-20 దేశాధినేతలకు ఢిల్లీలో స్వాగత సత్కారములు జరిగినవి, 2024లో అరువదినాలుగు కోట్లమంది ఓటర్లు పోలింగు కేంద్రములకు నడచివచ్చిరి. ఒక్క జనగణన మాత్రము, జిల్లాల సరిహద్దులను స్థిరీకరించు గడువును పదే పదే పొడిగించు ఉత్తర్వులతో, సంవత్సరముల తరబడి వాయిదాలలో మ్రగ్గినది. 2025-26 బడ్జెటులో దానికి కేటాయించినది 574 కోట్లు. ప్రభుత్వములు దేనిని ముఖ్యమని తలచునో వాని ప్రసంగములలో గాక బడ్జెటు పద్దులలో వెదకవలెను. ఆ పద్దు చూచినవాడెవడును ఈ కార్యము పాలకుల దృష్టిలో అగ్రగణ్యమైనదని చెప్పజాలడు. తుదకు 2025 జూన్ 16న ప్రకటన వెలువడినది: 2027 మార్చి 1 ప్రమాణదినముగా గణన జరుగునని. అనగా పదేండ్లకు జరుగవలసినది పదునారేండ్లకు జరుగనున్నది.

ఈ ఆలస్యములో మన తెలుగువారికి ప్రత్యేకముగా తగిలిన దెబ్బ యొకటి కలదు. తెలంగాణ రాష్ట్రము 2014 జూన్ 2న అవతరించినది. ఆనాటి నుండి నేటి వరకు ఆ రాష్ట్రమును రాష్ట్రముగా జనగణన చూడనేలేదు. విభజన పిమ్మటి ఆంధ్రప్రదేశమును కూడ చూడలేదు. పది జిల్లాల తెలంగాణ ముప్పదిమూడు జిల్లాలైనది. పదుమూడు జిల్లాల ఆంధ్రప్రదేశము 2022లో ఇరువదియారు జిల్లాలుగా మారినది. ములుగునకో, పార్వతీపురము మన్యమునకో ఆసుపత్రి పడకలు ఎన్ని కావలెనో, బడులు ఎచ్చట చాలవో నిర్ణయించు అధికారి నేటికిని 2011 నాటి ఉమ్మడి రాష్ట్రపు పట్టికలను చీల్చి, అతికి, అంచనాలతో పూరించి పని గడుపుకొనుచున్నాడు. ఆ 2011 తరువాత పుట్టిన పిల్లలు నేడు హైస్కూలు తరగతులలో నున్నారు. వారిలో ఒక్కరిని కూడ ఈ దేశపు జనగణన ఇంతవరకు చూడలేదు.

దీనివలన సామాన్యునకు నష్టమేమని కొందరడుగుదురు. అంకెలు చదువుకొన్నవారి వ్యసనమని వారి భావము. అట్టివారు ఒక్కమారు చౌకధరల దుకాణము ముందు నిలబడి చూడవలెను. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము ప్రకారము గ్రామీణ జనాభాలో 75 శాతమునకును, పట్టణ జనాభాలో 50 శాతమునకును, వెరసి దేశములో మూడింట రెండువంతుల మందికి సబ్సిడీ ధాన్యము పొందు హక్కు కలదు. ఆ శాతములను ఏ జనాభాపై లెక్కకట్టవలెనన్న ప్రశ్నకు చట్టములోని 9వ సెక్షను సమాధానము చెప్పుచున్నది: ప్రచురితమైన గణనలలో చివరిదానిపై. చివరిది 2011 నాటిది. కావున 121 కోట్ల జనాభాపై కట్టిన 81 కోట్ల చిల్లర సంఖ్యయే నేటికిని పైకప్పుగా నిలిచియున్నది. ఈ మధ్య జనాభా ఎంత పెరిగినదో మన ప్రభుత్వము లెక్కించి చెప్పలేదు. చైనాను మించి మనము 142 కోట్లు దాటితిమను వార్తను సైతము 2023 ఏప్రిలులో ఐక్యరాజ్యసమితి నోట వినవలసివచ్చినది. ఆ 142 కోట్లలో మూడింట రెండువంతులు తొంబదియైదు కోట్లకు దగ్గరగును. నడుమ జారిపోయినవారు పదికోట్లకు మించినవారు. వారి హక్కును ఏ న్యాయస్థానమును కొట్టివేయలేదు, ఏ శాసనసభయు రద్దు చేయలేదు, లెక్కించుట మానుటచేతనే అది హరించిపోయినది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణములకు కేంద్రము నిర్ణయించిన పరిమితి గ్రామములలో 60.96 శాతము, పట్టణములలో 41.14 శాతము. ఆ పరిమితికి మించిన కార్డులకు మన రాష్ట్ర ప్రభుత్వములు తమ ఖజానా నుండి బియ్యము సమకూర్చుచున్నవి గనుక ఇచ్చట ఆ బాధ కొంత మరుగున పడినది. అట్లు చేయలేని పేదరాష్ట్రములలో క్రొత్తగా ఒక పేరు ఎక్కవలెనన్న మరియొక పేరు తొలగవలెను. కాపురమునకు వచ్చిన కోడలు పుట్టింటి కార్డులో పేరు తీయించుకొని వచ్చును, అత్తింటి కార్డులో అది ఎక్కదు. బిడ్డ పుట్టును, ఆ బిడ్డ పేరును ఎక్కదు. ఆమె నెలనెలా డీలరు వద్దకు పోయి, యంత్రముపై వేలుంచు అత్తగారి ప్రక్కన సంచి పట్టుకొని నిలబడును. మనిషికి అయిదు కిలోల చొప్పున తూచిన ధాన్యములో ఆమె పాలుగాని, చంకలోని బిడ్డ పాలుగాని ఉండదు. ఈ అయిదు కిలోల వెనుక ఎక్కడో ఢిల్లీలో వాయిదాపడిన ఒక గణన యున్నదని ఆమెకు తెలియదు, తెలుపువారును లేరు.

నిజమునకు జనగణనయంత మానవీయమైన ప్రభుత్వకార్యము మరియొకటి నాకు కనబడదు. 2011లో సుమారు ఇరువదియేడు లక్షలమంది గణకులు, పర్యవేక్షకులు పనిచేసిరి. వారిలో అధికసంఖ్యాకులు మన బడిపంతుళ్ళు, పంతులమ్మలు. బడి విడిచిన పిమ్మట ఫారముల కట్ట చంకన పెట్టుకొని వీధివీధి తిరిగి, ప్రతి గోడమీద ఇంటినంబరు వ్రాసి, ఏ గుడిసెయు తప్పిపోకుండ పటము గీచుకొని, ప్రతి మనిషి పేరు, మాతృభాష, చదువు, వృత్తి నమోదు చేసికొనిరి. వయస్సు తెలియని వృద్ధురాలు ఎదురైనపుడు గణకుడు తన యిష్టము వచ్చిన అంకె వేయరాదు; ఆ ప్రాంతమున అందరికిని గుర్తున్న సంఘటనలను ఆధారము చేసికొని అడుగవలెను. "మామ్మా, దివిసీమ ఉప్పెన వచ్చేసరికి నీకు పెళ్ళయిందా? పిల్లలెంతమంది అప్పటికి?" అని కృష్ణాతీరమున అడిగినచో, 1977 నుండి వెనుకకు లెక్కవేసి ఆమె యీడును రాబట్టవచ్చును. 2011 ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి ఇల్లు లేనివారి కొరకు కేటాయింపబడినది. రైల్వే ప్లాటుఫారములపై, వంతెనల క్రింద, గుడి మండపములలో పడుకొన్నవారిని వెదకి, లేపి, పేరడిగి వ్రాసికొనిరి. పదునేడు లక్షల డెబ్బదివేల మంది అట్లు లెక్కకు వచ్చిరి. ఏ ఓటరు జాబితాలోను లేక, ఏ కార్డునకును నోచుకొనక బ్రతుకువారి వద్దకు రాజ్యము తనంతట తానే నడచిపోయి నీవెవరవని గౌరవముగా అడుగు రాత్రి పదేండ్లకు ఒక్కటే. దానిని కూడ వారికి లేకుండ చేసిరి.

గణన ఆగుట ఒక దుఃఖము. గణించినదానిని దాచుట అంతకంటె పెద్ద దుఃఖము. సాంఖ్యకశాస్త్రజ్ఞుడు ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1950లో జాతీయ శాంపిల్ సర్వేకు అంకురార్పణ చేసినపుడు, అంత విశాలమైన పేదదేశమున అంతటి శాస్త్రీయపద్ధతిలో ప్రజల తిండి, బట్ట, పని పరిశీలించు సంస్థ యుండుట ప్రపంచమునకే ఆశ్చర్యము కలిగించినది. మన ఆంధ్రవిశ్వవిద్యాలయమున గణితము చదివి, 1941లో కలకత్తాకు పోయి మహలనోబిస్ గారి పరిశోధనాసంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణరావుగారు, తమ యిరువదియైదవయేట 1945లో ప్రకటించిన వ్యాసముతో సాంఖ్యకశాస్త్రమున శాశ్వతకీర్తి నార్జించి, నూటరెండేండ్లు జీవించి, 2023 ఆగస్టులో పరమపదించిరి. అంచనాలలో దోషము యొక్క కనీసపు హద్దు ఎంతయో నిరూపించిన మహనీయుడాయన. అంకెను ప్రకటించువాడు దానిలోని అనిశ్చితిని కూడ ప్రకటించి తీరవలెనన్నది ఆ విద్యాకుటుంబము మనకిచ్చిన ధర్మము.

ఆ ధర్మమునకు పట్టిన గతి యేమి? 2017-18లో జరిపిన శ్రామికబలపు సర్వే నివేదికను జాతీయ గణాంక సంఘము ఆమోదించిన తరువాత కూడ ప్రభుత్వము విడుదల చేయలేదు. దానికి నిరసనగా 2019 జనవరి 28న ఆ సంఘపు తాత్కాలికాధ్యక్షుడు పి. సి. మోహనన్ గారును, మరియొక సభ్యురాలును రాజీనామా చేసిరి. మూడుదినములలో ఆ నివేదికలోని సారము పత్రికకెక్కినది: నిరుద్యోగము 6.1 శాతము, నలుబదియైదేండ్లలో అత్యధికము. లోక్‌సభ ఎన్నికలు ముగిసి, నూతన మంత్రివర్గము ప్రమాణస్వీకారము చేసిన మరునాడు, మే 31న అదే అంకెతో నివేదిక అధికారికముగా వెలువడినది. క్రొత్తపద్ధతిలో చేసిన సర్వే గనుక పాతవానితో పోల్చరాదని ప్రభుత్వము వాదించినది. ఆ వాదములో కొంత బలము ఉండవచ్చును. కాని దానిని నివేదికతోపాటు ప్రజలముందుంచవలసినది, ఓటు వేయుటకు ముందే ఉంచవలసినది.

అదే సంవత్సరము నవంబరులో కుటుంబముల వినియోగవ్యయమును గురించిన సర్వేకు అంతకంటె కఠినమైన విధి పట్టినది. ప్రజల నిజవ్యయము 2011-12 నాటికంటె తగ్గినదని ఆ సర్వే కనుగొన్నట్లు పత్రికలో రాగా, నాణ్యత చాలదని చెప్పి మంత్రిత్వశాఖ దానిని ప్రకటింపనే నిరాకరించినది. తరువాతి సర్వే ఫలితములు 2024లో గాని రాలేదు. నడుమ దశాబ్దమునకు పైగా, ఈ దేశమున పేదలెందరు, వారేమి తినుచున్నారు అను ప్రశ్నకు అధికారికమైన సమాధానమే లేకపోయినది. నాణ్యతలో లోపమున్నచో ఆ లోపమును వివరించి ప్రకటింపవచ్చును. మూలదత్తాంశమును పరిశోధకులకిచ్చి పరీక్షింపుమనవచ్చును. శాస్త్రము సాగు దారి యది. అప్రియమైన ఫలితమును బీరువాలో పెట్టి తాళము వేయుట శాస్త్రము కాదు. ఇంతకు పూర్వపు ప్రభుత్వమునకును ఇట్టి చిక్కు వచ్చినది: 2009-10 సర్వేలో ఉపాధి వృద్ధి నిరాశాజనకముగా కనబడగా, అది కరవు సంవత్సరమని ఆక్షేపించి 2011-12లో మరల సర్వే చేయించిరి, అయినను మొదటిదానిని దాచలేదు, రెండును ప్రజలయెదుట నున్నవి. అయితే ఆ ప్రభుత్వమే 2011లో ప్రారంభించిన కులగణన వివరములు ఆ పాలనలోను రాలేదు, ఆ తరువాతను రాలేదు. మన తెలంగాణములో 2014 ఆగస్టు 19న రాష్ట్రమునంతటిని ఇండ్లలో కూర్చుండబెట్టి ఒక్కదినమున జరిపిన సమగ్ర కుటుంబ సర్వే ఫలితములను ఆనాటి ప్రభుత్వము సమగ్రముగా ప్రజలముందుంచలేదు. దూరప్రాంతములలో కూలిపని చేసికొనువారు సైతము ఆనాడు బస్సులు పట్టుకొని స్వగ్రామములకు పరుగెత్తి వచ్చిరే! వారికి తమ సమాధానములేమైనవో తెలిసికొను హక్కు లేదా? ఈ దోషము ఏ యొక్క పక్షమునకో పరిమితమని నేననను. అధికారములో నున్నవారికి అంకెలు తమ సొత్తుగా తోచుట పాతజాడ్యము, అది ఇటీవల మిక్కిలి ముదిరినది.

మృత్యువుల లెక్క సంగతి చెప్పుటకే బాధ కలుగుచున్నది. 2019లో దేశమున నమోదైన మరణములు 76 లక్షలు. 2020లో 81 లక్షలు. 2021లో ఒక కోటి రెండు లక్షలు. 2021లో కోవిడువలన మరణించినట్లు ప్రభుత్వము చెప్పిన సంఖ్య 3 లక్షల 30 వేల ప్రాంతము. మరణములను నమోదు చేయించుకొను అలవాటు కొంత పెరిగియుండుటవలనను కొంత హెచ్చు రావచ్చును, సరే. కాని ఒక్క సంవత్సరములో ఇరువదియొక్క లక్షలు పెరిగినవన్న సంగతిని ప్రభుత్వము తన ప్రచురణద్వారా తెలిపినది 2025 మే నెలలో. ఆక్సిజను సిలిండరు కొరకు రాత్రంతయు తిరిగి, తెల్లవారుసరికి తండ్రినో తోబుట్టువునో పోగొట్టుకొన్న కుటుంబములు మన వీధులలో ఎన్ని లేవు! ఆ సంవత్సరమేమి జరిగినదో ప్రభుత్వముఖతః వినుటకు వారు నాలుగేండ్లు వేచియుండవలసినదేనా?

ఇట్లు జరుగుటకు ఆయా ఉద్యోగుల పిరికితనమే కారణమనుట న్యాయము కాదు. ఏర్పాటులోనే లోపమున్నది. దేశమునకు ప్రధాన గణాంకాధికారి యెవరో, ఆయనయే గణాంక మంత్రిత్వశాఖకు కార్యదర్శి. అనగా అంకె నిజము చెప్పవలసినవాడును, మంత్రి ఆజ్ఞ పాటింపవలసినవాడును ఒక్కరే. జనగణన కమిషనరు హోంశాఖకు లోబడినవాడు. ఈ చిక్కును ముందే గుర్తించి పరిష్కారము చెప్పినవారు చక్రవర్తి రంగరాజన్ గారు. మన ఆంధ్రప్రదేశమునకు గవర్నరుగా నున్న కాలముననే ఆయన అధ్యక్షతన పనిచేసిన సంఘము 2001లో నివేదిక సమర్పించి, చట్టబద్ధమైన అధికారములతో శాశ్వత జాతీయ గణాంక సంఘమును నెలకొల్పుమన్నది. 2005లో సంఘమును నెలకొల్పుటకు తీర్మానము చేసిరి, చట్టము మాత్రము చేయలేదు. దానిచేత సంఘమునకు ఆమోదించు హక్కు కలిగినదే కాని ప్రకటించు హక్కు కలుగలేదు. 2019లో ఆ యిరువురు సభ్యులకు రాజీనామా తప్ప వేరొక ఆయుధము చేతలేకపోయినది. కెనడాలో 2010లో జనగణనలోని విపులప్రశ్నావళికి సమాధానమిచ్చుట ప్రజల యిష్టమునకే వదలివేయవలెనని ప్రభుత్వము నిర్ణయింపగా, దానివలన గణన నాణ్యత చెడదన్న మాటను తన నోట పలుకజాలనని ప్రధాన గణాంకాధికారి మునీర్ షేక్ పదవి విడిచిరి. ఐదేండ్లకు ప్రభుత్వము మారి, ఆ ప్రశ్నావళి తిరిగి తప్పనిసరియైనది. అచ్చట ఎన్నికలలో సైతము అది చర్చనీయాంశమైనది. ఇచ్చట మన అభ్యర్థులను ఆ ప్రశ్న అడిగినవారు అరుదు.

అడుగవలసిన అవసరము ఇప్పుడు ఎన్నడును లేనంతగా వచ్చినది. 1976 నుండి రాష్ట్రముల లోక్‌సభ స్థానముల సంఖ్య 1971 జనాభాపైననే నిలిచియున్నది. ఆ స్తంభన 2026 తరువాతి తొలి గణన వరకే. రానున్న గణన అదియే. కుటుంబనియంత్రణను శ్రద్ధగా పాటించిన దక్షిణరాష్ట్రముల పాలు పార్లమెంటులో తగ్గిపోవునా యను భయము తెలుగునేలపై ప్రతి పక్షమునకును కలదు. మహిళలకు చట్టసభలలో మూడవవంతు స్థానములు కేటాయించుచు 2023లో చేసిన రాజ్యాంగ సవరణమును సైతము గణనకును, పునర్విభజనకును ముడివేసిరి. కులముల లెక్కయు అందులోనే చేరుచున్నదని 2025 ఏప్రిలులో ప్రకటించిరి. ఇంతటి భారమును మోయనున్న అంకెలను, గణించువానిపై సర్వులకు నమ్మకమున్నప్పుడే దేశము శాంతముగా స్వీకరింపగలదు. 2019 నుండి జరిగినది చూచినవారు ఆ నమ్మకమును ఎక్కడనుండి తెచ్చుకొందురు?

గణకుడు తలుపు తట్టినపుడు మనము నిజము చెప్పుదము. మనము చెప్పినది 1948 నాటి చట్టపు 15వ సెక్షను చేత రహస్యముగా నుంచబడును; దానిని న్యాయస్థానమున సాక్ష్యముగా కూడ వాడరాదు. అది ప్రభుత్వము మనకిచ్చిన మాట. కాని వ్యక్తుల వివరములు రహస్యముగా నుండవలెనను నియమమువలె, మొత్తములు బహిరంగము కావలెనను గడువు నియమము లేదు. 2011లో మనము చెప్పిన మాతృభాషల పట్టిక 2018లో గాని వెలువడలేదు. ఈమారు అట్లు కారాదు. ఏ పట్టిక ఏ నెలలో ప్రచురితమగునో గణన ముగియకముందే పార్లమెంటునందు ప్రకటింపుమనియు, ఆహారభద్రత కోటాలను తొలి పట్టిక వెలువడిన సంవత్సరముననే సవరింపుమనియు, రంగరాజన్ గారి సంఘము కోరిన చట్టమును ఇరువదియైదేండ్ల తరువాతనైనను చేయుమనియు ఆంధ్రప్రదేశ్‌నుండి ఇరువదియైదుగురు, తెలంగాణమునుండి పదునేడుగురు లోక్‌సభ సభ్యులు పక్షభేదము విడిచి అడుగవలెను. వారిచేత అడిగించుటకు మనమొక్కొక్కరము ఒక్కొక్క ఉత్తరము వ్రాసినను చాలును. వ్రాయుడని మిమ్ము ప్రార్థించుచున్నాను.